ఒకే పియానో, నాలుగు చేతులు: ఇద్దరూ కలిసి వాయించడం మొదలుపెట్టేదెలా

అమలాపురం చుట్టుపక్కల నేను పియానో చెప్పే ఇళ్లలో చాలాచోట్ల ఒకటే దృశ్యం. కీబోర్డు ఒకటి, నేర్చుకునేవాళ్లు ఇద్దరు. అక్క వాయిస్తుంటే తమ్ముడు తన వంతు ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కూర్చుని ఉంటాడు. అలాంటి ఇంటికి వెళ్తే నేను ముందు చేసే పని, ఇంకో కుర్చీ తెమ్మనడం.

ఒకే పియానో మీద ఇద్దరు వాయించడానికని ప్రత్యేకంగా రాసిన సంగీతం పాశ్చాత్య శాస్త్రీయ సంప్రదాయంలో కొల్లలుగా ఉంది. మోత్సార్ట్ చిన్నప్పుడు అక్క నానెర్ల్ పక్కన కూర్చుని వాయించేవాడు. 1780 ప్రాంతంలో వేసిన వాళ్ల కుటుంబ చిత్రంలో అక్కాతమ్ముళ్లు ఒకే వాద్యం ముందు కూర్చుని ఉంటారు, ఒకరి చెయ్యి ఇంకొకరి చేతిని దాటి వెళ్తూ ఉంటుంది. రికార్డులు రాని రోజుల్లో యూరప్‌లో ఎంతోమందికి బీథోవెన్ సింఫనీలు పరిచయమైంది ఇంట్లో నాలుగు చేతుల మీదే. కాబట్టి దీన్ని పిల్లల కాలక్షేపం అనుకోకండి. పక్కవాళ్లని వినడం నేర్పే చదువు ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ తడబడతారో ఒక్కొక్కటే చెబుతాను.

ఎవరితో జోడీ కట్టాలి

ఇద్దరి చేయి ఒకే స్థాయిలో ఉండాలని చూడకండి. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, తప్పకుండా కలవగలరా అన్నది చూడండి. పేరున్న జోడీల్లో ఒకే ఇంటివాళ్లు ఇంతమంది ఉండడానికి అదీ ఒక కారణమనే నా నమ్మకం. ఫ్రాన్స్‌కి చెందిన కాతియా, మరియెల్ లాబెక్ అక్కాచెల్లెళ్లు, వాళ్లకి మొదటి గురువు తల్లే. తుర్కియేకి చెందిన గుహెర్, సుహెర్ పెకినెల్ కవలలు. నెదర్లాండ్స్‌కి చెందిన లూకాస్, ఆర్థర్ యూసెన్ అన్నదమ్ములు. హంగరీ స్వరకర్త జార్జ్ కుర్తాగ్, ఆయన భార్య మార్తా ముసలితనంలో కూడా ఒకే బెంచీ మీద కూర్చుని, శ్రోతలకి వీపు పెట్టి, చిన్న నిలువు పియానో మీద బాఖ్‌ని వాయించేవారు. మార్తా 2019లో పోయారు. వాళ్ల వీడియోలు దొరుకుతాయి, మొదటి పాఠానికి ముందే ఒకటి చూడండి. ఒకరి చేతులు ఇంకొకరి చేతుల్ని ఎంత మర్యాదగా దాటుతాయో చూస్తే సగం పాఠం అక్కడే వచ్చేస్తుంది.

రక్తసంబంధం ఉండాలనేం లేదు. పియానో కళాకారులు మార్తా అర్గెరిచ్, నెల్సన్ ఫ్రేరె దశాబ్దాల స్నేహితులు. రాదు లూపు, మరే పెరాయా ఎవరికి వారు పేరున్న సోలో కళాకారులు. ఆ ఇద్దరూ 1984లో రికార్డు చేసిన షూబెర్ట్ నాలుగు చేతుల రచన, ఎఫ్ మైనర్ ఫాంటసీ వింటే చేతులు నాలుగైనా ఊపిరి ఒకటే అనిపిస్తుంది.

నా జోడీ మా మేనత్త కూతురు, నాకు వదిన వరస. ఈ పాఠాల్లో సగం ఆవిడ మోచెయ్యి నాకు నేర్పినవే.

వాద్యం

పూర్తి పియానోకి 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. మొత్తం పొడవు దాదాపు 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులు. ఇద్దరు పెద్దవాళ్లు ఆ నాలుగడుగుల్లో సర్దుకోవాలి. కొనబోతుంటే, మెట్లకి బరువున్న 88 మెట్ల డిజిటల్ పియానో మా ప్రాంతానికి అన్నిటికంటే అనువైనది. తీగల పియానో శబ్దం అందం దానిదే, కాదనను. కానీ డెల్టా గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరైన కొద్దీ ఉప్పు కూడా. వానాకాలంలో చెక్క, ఫెల్టు ఉబ్బి మెట్లు కిందికి దిగి పైకి లేవవు, తీగలు తుప్పు పడతాయి. అలాంటి పియానో మీకు ఉంటే కిటికీకీ, చెమ్మ పట్టే బయటి గోడకీ దూరంగా పెట్టండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ట్యూనర్‌ని పిలిపించినప్పుడు లోపల తేమ లాగే హీటర్ రాడ్ పెట్టించుకోండి, సొంతంగా మాత్రం పెట్టొద్దు.

ఎక్కువ ఇళ్లలో ఉన్నది 61 మెట్ల కీబోర్డే. దానితో కుదరదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మోత్సార్ట్ వియన్నాలో వాయించిన పియానోకి కూడా సరిగ్గా అయిదు స్థాయిలే, 61 మెట్లే. తేడా ఒక్కటి. ఆయన వాద్యం అడుగున ఎఫ్ స్వరంతో మొదలైతే, మన కీబోర్డు ఇంకా పైనున్న సి తో మొదలవుతుంది. అందువల్ల ఎడమ చివర కొన్ని మంద్ర స్వరాలు మనకి అందవు. వాటిని ఒక స్థాయి పైకి జరిపి వాయించుకోండి, ఎక్కడెక్కడ జరిపారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇబ్బందల్లా చోటుది. 61 మెట్ల వెడల్పు మూడడుగులు కూడా ఉండదు. పిల్లలకి హాయిగా సరిపోతుంది, పెద్దవాళ్లయితే భుజాలు కొంచెం ఏటవాలుగా తిప్పి కూర్చోవాలి.

ఒక జాగ్రత్త. చాలా డిజిటల్ పియానోల్లో డుయెట్ మోడ్ అని ఒకటి ఉంటుంది. అది కీబోర్డుని మధ్యకి చీల్చి రెండు వైపులా ఒకే శ్రుతిస్థాయి ఇస్తుంది. గురువు వాయించింది శిష్యుడు అదే స్థాయిలో పలికించడానికి పెట్టిన ఏర్పాటది. నాలుగు చేతుల సంగీతానికి అది ఆపేసి ఉండాలి. పేరు చూసి నొక్కేసి, స్వరాలన్నీ తప్పుతున్నాయని గంటసేపు తల పట్టుకున్న పిల్లలు నా దగ్గరే ఉన్నారు.

కూర్చోవడం

పొడవాటి బెంచీ ఒకటి కంటే చేతులు లేని రెండు కుర్చీలు మేలు. ఎత్తు ఎవరికి వారు సరిచేసుకోవచ్చు, ఒకరు కదిలితే ఇంకొకరు ఊగరు. కుడివైపు కూర్చుని పై స్వరాలు వాయించేవారిని ప్రిమో అంటారు, ఎడమవైపు కింది స్వరాలవారిని సెకండో. ఇద్దరూ మెట్లకి మామూలుకంటే బెత్తెడు దూరం జరిగి కూర్చోండి. అప్పుడే మోచేతులు వీపు వెనక్కి కాకుండా ముందుకు ఆడతాయి.

గాజులు, వాచీ, బ్రేస్‌లెట్ తీసేయండి. ఒంటరిగా వాయించినప్పుడు వినపడని గాజుల చప్పుడు పక్కవారి చెవి దగ్గర తాళం వేసినట్టుంటుంది. గోళ్లు కత్తిరించుకోండి. మీ గోరు ఈసారి తగిలేది మెట్టుకి కాదు, పక్కవారి చేతికి.

పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో సెకండో, కుడి పేజీలో ప్రిమో అచ్చేసి ఉంటాయి. ఎవరి పేజీ వారిదే కాబట్టి పక్కవారు ఏం వాయిస్తున్నారో కంటికి కనపడదు. అందుకని మొదటి రోజే ప్రతి అయిదో బార్‌కి (అచ్చులో రెండు నిలువు గీతల మధ్య ఉండే గడికి) నంబరు రాసుకోండి. "పదిహేడు నుంచి" అంటే ఇద్దరి వేళ్లూ ఒకే చోటికి వెళ్లాలి. పేజీ తిప్పే పని ఎవరికి ఆ క్షణాన చెయ్యి ఖాళీగా ఉంటే వారిది, అదీ ముందే రాసిపెట్టుకోవాలి.

సెకండో అంటే వంత కాదు

ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టగానే ఇద్దరూ కుడివైపుకే పరుగెడతారు. పాట అంతా అటే ఉంటుంది మరి. ఎడమవైపు కూర్చున్నవారికి వంత పాడుతున్నామన్న చిన్నబుచ్చుకోవడం మొదలవుతుంది. ఈ ఆలోచన తీసేయకపోతే జోడీ నిలవదు. గోదాట్లో పడవ చూడండి. ముందు తెడ్డు వేసేవాడు అందరికీ కనపడతాడు, వెనక చుక్కాని పట్టినవాడు పడవని రేవుకి చేరుస్తాడు. లయ సెకండోది, సామరస్యానికి, అంటే కలిసి పలికే స్వరాల పొందికకి (హార్మొనీ) పునాది సెకండోది, మామూలుగా పెడల్ కూడా, అంటే పాదంతో నొక్కితే వేలు తీసినా స్వరాన్ని మోగిస్తూ ఉంచేది కూడా సెకండోదే. షూబెర్ట్ ఎఫ్ మైనర్ ఫాంటసీలో ముందు పలికేది సెకండోయే, మెల్లగా, నీళ్లు కదిలినట్టు. ఆ కదలిక సరిగ్గా ఉంటేనే ప్రిమో పాట దాని మీద నిలబడుతుంది.

నా దగ్గర ఒకటే నియమం. ప్రతి రచననీ ఇద్దరూ రెండు వైపులా నేర్చుకోవాలి. వేగంగా రానక్కర్లేదు, మెల్లగా వస్తే చాలు. ఎదుటివారి భాగం మీ వేళ్లలో ఒకసారి ఉన్నాక మీ చెవి దాన్ని ఎప్పటికీ వదలదు.

మొదటి వారం సాధన

ఇద్దరూ కలిసి మొదటి బార్ నుంచి చివరిదాకా వాయించేయాలని ఉబలాటపడొద్దు. ముందు ప్రిమో కుడిచెయ్యి, సెకండో ఎడమచెయ్యి, ఈ రెండే వాయించండి. పాట, పునాది రెండూ తేటగా వినపడతాయి. తర్వాత లోపలి రెండు చేతులు, అంటే ప్రిమో ఎడమ, సెకండో కుడి. గొడవలన్నీ ఇక్కడే ఉంటాయి, మధ్యలో.

దీన్ని దగ్గరగా చూపిస్తాను. మధ్య సి దగ్గర ప్రిమో ఎడమ బొటనవేలు, సెకండో కుడి బొటనవేలు ఎదురెదురుగా ఉంటాయి. చాలా రచనల్లో ప్రిమో ఒక స్వరం పట్టి ఉంచగా, సరిగ్గా అదే స్వరాన్ని సెకండో కొట్టాల్సి వస్తుంది. మెట్టు అప్పటికే కిందికి దిగి ఉంది కాబట్టి సెకండో వేలు పడినా శబ్దం రాదు. కాగితం మీద తప్పు లేదు, వాద్యం మీద స్వరం మాయం. దీనికి ఒకటే మందు. ముందు పట్టుకున్నవారు అర మాత్ర ముందే వదిలేయాలి, పెడల్ ఆ శబ్దాన్ని మోస్తుంది. అలాంటి చోట్ల నేనూ వదినా పెన్సిల్‌తో "వదులు" అని రాసుకుంటాం. మా షూబెర్ట్ కాగితాల్లో ఆ మాట ఎన్నిచోట్ల ఉందో లెక్కలేదు.

చేతులు దాటేచోట ఎవరు పైన, ఎవరు కింద అన్నది కూడా అప్పటికప్పుడు తేల్చుకునేది కాదు. సాధారణంగా నల్ల మెట్లు వాయించేవారి మణికట్టు పైకి, లోపలికి వెళ్తుంది; తెల్ల మెట్ల అంచున ఉన్నవారిది కిందికి, బయటికి వస్తుంది. ఒకసారి నిర్ణయించాక మార్చొద్దు. "వదినా, ఇక్కడ నువ్వు కింద నుంచి రా" అని నేను నోటితో చెప్పే రోజులు పోయి, ఇప్పుడు ఆవిడ మణికట్టు దానంతటదే దిగుతుంది.

పెడల్

పెడల్ సెకండో పాదం కింద ఉండాలి, సామరస్యం మారేది ఆ చేతుల్లో కాబట్టి. కానీ మసకబారేది ప్రిమో పాట. అందుకని ఈ అభ్యాసం చేయండి: ప్రిమో ఒక్కరే వాయిస్తారు, సెకండో చేతులు ఒళ్లో పెట్టుకుని పాదంతో పెడల్ మాత్రమే వేస్తారు. మొదటి రోజు చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఇంకొకరి వేళ్లకి మన పాదం సమాధానం చెప్పాలి. నాలుగైదు రోజులకి సెకండో చెవి తన చేతుల మీంచి పక్కవారి చేతుల మీదికి వెళ్తుంది. నాకు తెలిసిన అభ్యాసాలన్నిట్లోకీ దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

కలిసి ఎత్తుకోవడం

మేము మొదటిసారి నలుగురి ముందు వాయించింది క్రిస్మస్‌కి, ఒక చర్చిలో. ఇంట్లో రోజూ "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టుకుని మొదలుపెట్టేవాళ్లం. అక్కడ అంతమంది ముందు పైకి లెక్కపెట్టడానికి సిగ్గేసింది. నేను తల ఊపాను, వదిన ఆ ఊపుని వేరే వేగంగా అర్థం చేసుకుంది. నాలుగు బార్లు ఇద్దరం రెండు వేర్వేరు పాటలు వాయించాం. ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఇంట్లో కూడా నోరు తెరవం. ఎత్తుగడ ఊపిరితో ఇస్తాం. ఒకరు, మామూలుగా ప్రిమో, మణికట్టు పైకి లేపుతూ ముక్కుతో వినపడేలా ఊపిరి తీస్తారు. ఆ ఊపిరి పొడవు సరిగ్గా ఒక మాత్ర. మెల్లని రచనకి నిదానపు ఊపిరి, చురుకైన దానికి చిన్నది. మణికట్టు దిగడం, స్వరం పలకడం ఒక్కసారే. మన గుళ్లో సన్నాయి జోడీని గమనించండి, ఇద్దరూ ఎప్పుడు ఊపిరి తీస్తారో చూడండి. వాళ్లకి ఎవరూ లెక్కపెట్టరు. రోజూ సాధనకి ముందు మొదటి స్వరం ఒక్కటే పదిసార్లు కలిసి వేయండి, పాట జోలికి వెళ్లకుండా.

చివర మందగించే చోట ఎవరు నడిపించాలి? ఆ క్షణాన ఎవరి చేతిలో చిన్న చిన్న స్వరాలు ఎక్కువ ఉన్నాయో వారు. రెండోవారు ఆ చేతి వైపు చూడాలి. ఇద్దరూ ఎదుటివారి కోసం ఆగితే పాట ఏటిగట్టున ఇరుక్కున్న పడవలా నిలిచిపోతుంది, ఇద్దరూ లాగితే జోడెడ్లలో ఒకటి ముందుకి దూకినట్టు చాలు వంకరపోతుంది.

తప్పు వస్తే ఆగొద్దు. తప్పినవారు చేతులు తీసేసి తర్వాతి బార్ మొదట్లో ఎక్కాలి, రెండోవారు ఏమీ జరగనట్టు సాగిపోవాలి. దీన్నీ సాధన చేయాలి. వారానికొకసారి మూడో మనిషిని కూర్చోబెట్టి, మధ్యలో ఏదో ఒకరి భుజం తట్టమనండి. తట్టించుకున్నవారు ఒక బార్ మానేసి మళ్లీ కలవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వాళ్లకి మహా ఇష్టం.

శబ్దం తూకం చూసుకోవడానికి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ని పియానో మీద కాకుండా ఆరేడు అడుగుల దూరంలో కుర్చీ మీద పెట్టండి. దాదాపు ప్రతిసారీ తేలేది, సెకండో బరువెక్కువైందని. మంద్ర స్వరాలు సహజంగానే మందం, తాము మెల్లగానే వాయిస్తున్నామని సెకండో నిజంగా నమ్ముతారు. రికార్డింగ్ విన్నాక మాటతో పని లేదు.

ఏ రచనలు, ఏ వరసలో

డయాబెల్లి ఓపస్ 149తో మొదలుపెట్టండి (ఓపస్ అంటే స్వరకర్త రచనలకి ఇచ్చిన వరస సంఖ్య). అందులో 28 చిన్న రచనలు, ప్రిమో చేయి అయిదు స్వరాల హద్దు దాటదు. చేరి నెలలు గడవని పిల్లలు కూడా గురువు పక్కన కూర్చుని వాయించొచ్చు. ఒకరికి బాగా వచ్చి, ఇంకొకరికి అప్పుడే మొదలైతే స్ట్రావిన్‌స్కీ సులభ రచనలు ఉన్నాయి. 1915 నాటి మూడింటిలో సెకండో తేలిక, 1917 నాటి అయిదింటిలో ప్రిమో తేలిక.

తర్వాత రావెల్ "మా మేర్ లుఆ" లోని మొదటి భాగం, నిద్రపోయే రాకుమారి పవాన్. తన స్నేహితులైన గొదెబ్‌స్కీ దంపతుల పిల్లలు మిమీ, జాన్‌ల కోసం ఆయన రాసింది. ఇరవై బార్లే. స్వరాలు తేలిక, కానీ అంత నెమ్మదిలో ఇద్దరూ కలిసి ఉండడం తేలిక కాదు. నేను దీనికి నెల రోజులు ఇస్తాను, తొందరపెట్టను. దాని తర్వాత ఫోరె "డాలీ" లోని లాలిపాట, బ్రామ్స్ 1865లో రాసిన ఓపస్ 39 వాల్ట్‌జ్‌లు పదహారు, బిజే 1871 నాటి "పిల్లల ఆటలు" పన్నెండు. చెయ్యి గట్టిపడ్డాక ద్వొర్జాక్ స్లావిక్ నృత్యాలు. వాద్యబృందాలు వాయించగా విని ఉంటారు గానీ ఓపస్ 46ని 1878లో ఆయన ముందు రాసింది నాలుగు చేతులకే. మోత్సార్ట్ సొనాటాలు, షూబెర్ట్ ఫాంటసీ వీటన్నిటి తర్వాత. ఆ ఫాంటసీని షూబెర్ట్ 1828లో, ముప్ఫై ఒకటో ఏట, తను పోయిన సంవత్సరంలోనే పూర్తిచేశాడు. ఏళ్లు పడుతుంది, పట్టనివ్వండి.

వీటిలో ఎక్కువ వాటికి కాపీహక్కుల గడువు తీరిపోయింది. ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ సైటులో ఉచితంగా దింపుకుని జిరాక్స్ తీయించుకోవచ్చు. స్ట్రావిన్‌స్కీ మాత్రం కొనుక్కోవాలి.

రెండు వాద్యాలు ఉంటే

రెండు పియానోల సంగీతం వేరే శాఖ. మోత్సార్ట్ 1781లో రాసిన డి మేజర్ సొనాటా, రఖ్మానినోఫ్ 1901 నాటి రెండో సూట్, మియో 1937 నాటి "స్కారమూష్" అందులోవి. నాజీల ఆక్రమణలో ఉన్న వార్సాలో పోలండ్ స్వరకర్తలు లుతొస్లావ్‌స్కీ, పానుఫ్నిక్ కాఫీ హోటళ్లలో రెండు పియానోల మీద వాయించి పొట్టపోసుకున్నారు. వాళ్లిద్దరి కోసం లుతొస్లావ్‌స్కీ 1941లో రాసిన పగనీనీ వేరియేషన్లు ఇప్పటికీ వేదికల మీద వినపడతాయి.

మనకి రెండు ఇళ్ల నుంచి రెండు కీబోర్డులు తెచ్చుకుంటే సరిపోతుంది. ఎదురెదురుగా పెట్టండి, కళ్లు కలుస్తాయి. కంపెనీలు వేరైతే ఒకే వాల్యూమ్ నంబరు దగ్గర శబ్దం ఒకేలా ఉండదు, కాబట్టి నంబర్లు చూడకుండా చెవితో కలపండి. శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ సున్నా మీద ఉందో లేదో రెండిట్లోనూ చూడండి. కరెంటు పోయే ఊరైతే రెండిటినీ ఇన్వర్టర్ లైను ప్లగ్గుకే పెట్టండి, ఒకటి ఆగి ఒకటి మోగితే తట్టుకోవడం కష్టం.

నలుగురి ముందు వాయించే రోజున గంట ముందే వెళ్లి ఆ కుర్చీల ఎత్తు, పెడల్ బిగువు చూసుకోండి. మధ్యనున్న మెట్లు ఒక్కొక్కటీ నొక్కి చూడండి, పైకి లేవనిది ఏదైనా ఉంటే ఎవరు ఏ స్వరం వదిలేయాలో అక్కడే మాట్లాడుకోండి. ఒక రచన అయ్యాక లేచి, కుర్చీలు మార్చుకుని, రెండోది వాయించండి. మేము ప్రతిసారీ అలాగే చేస్తాం. మొదటిది నేను ప్రిమో, రెండోది వదిన.